కోయిచి తనాకా, ప్రొటీన్‌ను తూచిన ఇంజినీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో మాల్డీ యంత్రం, అంటే ప్రొటీన్లను లేజర్‌తో పైకి లేపి తూచే యంత్రం, నడపడం నా ఉద్యోగం. ఏటా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కొత్త పిల్లలు వస్తారు. శాంపిల్ ప్లేటు చేతికి తీసుకున్న మొదటి వారంలోనే తనాకా పేరు వాళ్ల చెవిన పడుతుంది. ఆయన గురించి వాళ్లకు తెలిసింది ఒకే ముక్క: "పొరపాటున ఏదో కలిపేశాడట, నోబెల్ వచ్చేసిందట." కథను అక్కడితో ముగిస్తే ఆయనకూ అన్యాయమే, ఇది విని ప్రయోగాల్లోకి దిగే పిల్లలకూ అన్యాయమే అని నా నమ్మకం. అందుకే వాళ్లు అడిగినవి, వాళ్ల అమ్మానాన్నలు అడిగినవి, వేరే విభాగాల మిత్రులు అడిగినవి అన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాశాను.

కోయిచి తనాకా ఎవరు?

జపాన్ ఇంజినీరు. 1959 ఆగస్టు 3న తొయామా పట్టణంలో పుట్టారు. సెందాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, 1983లో క్యోటోలోని షిమాద్జు కంపెనీలో చేరారు. 1875లో మొదలై, శాస్త్ర పరికరాలు తయారుచేస్తూ వచ్చిన పాత కంపెనీ అది. ప్రొటీన్ లాంటి పెద్ద అణువును ముక్కలు కాకుండా లేజర్‌తో గాల్లోకి లేపి, దాని ద్రవ్యరాశి కొలవవచ్చని చేసి చూపినందుకు 2002లో రసాయన శాస్త్ర నోబెల్‌లో నాలుగో వంతు ఆయనకు దక్కింది. అప్పటికి వయసు 43. ఈనాటికీ ఆ కంపెనీ మనిషే.

పేరు ఎలా పలకాలి?

త-నా-కా. మన తార్నాకలా మధ్యలో "ర్" రాదు.

ప్రొటీన్‌ను తూచడం దేనికి? తూస్తే ఏం తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు నేనెప్పుడూ సికిల్ సెల్ ఉదాహరణే చెబుతాను. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలను తరాలుగా బాధిస్తున్న జబ్బు కాబట్టి దూరపు సంగతిలా ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనే భాగం ఉంటుంది. అందులో 146 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ వచ్చి కూర్చుంటే సికిల్ సెల్. మామూలు బీటా గొలుసు ద్రవ్యరాశి సుమారు 15,867 డాల్టన్లు. సికిల్ బీటా గొలుసుది 15,837. తేడా 30. ఒక హైడ్రోజన్ పరమాణువు సుమారు 1 డాల్టన్ తూగుతుంది కాబట్టి, దాదాపు పదహారు వేల హైడ్రోజన్ల బరువులో ముప్ఫై తక్కువైనా పట్టుకునే తక్కెడ కావాలన్నమాట. జబ్బు మొత్తం ఆ ముప్ఫైలోనే ఉంది.

ఇలా చూస్తే "బరువు తెలిస్తే ఏమొస్తుంది" అన్న సందేహం ఉండదు. ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారినా, చివర ఒక ముక్క తెగినా, ఒక ఫాస్ఫేట్ వచ్చి అంటుకున్నా బరువు మారుతుంది. ఆ మార్పు ఎంతో తెలిస్తే, జరిగిందేమిటో చాలావరకు ఊహించవచ్చు.

అంతకుముందు ఎవరూ ఎందుకు తూచలేకపోయారు?

అణువులను తూచే యంత్రం, మాస్ స్పెక్ట్రోమీటర్, కొత్తదేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వచ్చింది. కానీ ఆ యంత్రం తూచాలంటే రెండు షరతులు ఉన్నాయి. వస్తువు వాయువుగా మారాలి, విద్యుదావేశం పట్టాలి. చిన్న అణువులను వేడిచేస్తే ఆవిరవుతాయి, చిక్కు లేదు. ప్రొటీన్‌ను వేడిచేస్తే ఏమవుతుందో వంటింట్లో కోడిగుడ్డు అట్టు వేసేవాళ్లందరికీ తెలుసు. గట్టిపడుతుంది, ఇంకా వేడి పెంచితే మాడుతుంది. ఆవిరి మాత్రం కాదు.

దారులు బొత్తిగా లేవని కాదు. కాలిఫోర్నియం అనే రేడియోధార్మిక మూలకం నుంచి వెలువడే కణాలతో ప్రొటీన్లను ఎగరగొట్టే పద్ధతి 1970ల నుంచే ఉంది. వేగంగా దూసుకొచ్చే పరమాణువులతో కొట్టే పద్ధతి 1980ల మొదట్లో వచ్చింది. మొదటిది నెమ్మది, పైగా రేడియోధార్మిక పదార్థంతో పని. రెండోదానికి పెద్ద ప్రొటీన్లు లొంగేవి కావు. లేజర్ మాటకొస్తే, పెద్ద అణువుల మీద వేస్తే పిండి పిండి అయిపోతాయన్నదే అప్పటి సాధారణ అభిప్రాయం.

మరి తనాకా బృందం అదే లేజర్‌ను ఎందుకు పట్టుకుంది?

లేజర్ వెలుగు క్షణంలో చాలా చిన్న భాగంపాటు పడి ఆగిపోతుంది. అంత తక్కువ సమయంలో వేడి చాలా వేగంగా పెరిగితే అణువు తెగిపోయే లోపే పైకి లేచిపోవచ్చన్నది వాళ్ల ఆలోచన. చిక్కల్లా ఆ వెలుగును ప్రొటీన్ నేరుగా పీల్చుకోకపోవడమే. మధ్యలో ఇంకేదో ఉండి, వెలుగును తాను పీల్చి, వేడిని పక్కవాళ్లకు పంచాలి. కోబాల్ట్ లోహపు అతి సన్నని పొడి ఆ పని చేయగలదని బృందం గుర్తించింది. ఒక్కో రేణువు సుమారు 30 నానోమీటర్లు. లోహమంటే మనకు మెరుపు గుర్తొస్తుంది కానీ, అంత సన్నగా ఉన్న పొడి నల్లగా ఉంటుంది. నల్లగా ఉందంటే పడిన వెలుగునంతా మింగుతోందనే అర్థం. కాలేజీలో విద్యుదయస్కాంత తరంగాలు చదువుకున్న తనాకాకు ఈ లెక్క కొత్త కాదు.

బృందంలో అయిదుగురు. అందరూ కుర్రవాళ్లే. ఒకరు అయాన్లను, అంటే విద్యుదావేశం పట్టిన అణువులను, వేరుచేసే భాగం చూస్తే, ఇంకొకరు వాటిని గుర్తించే భాగం చూసేవారు. శాంపిల్ తయారీ, అయాన్లుగా మార్చడం తనాకా వంతు. రసాయన శాస్త్రం కాలేజీ పాఠంగా చదవని మనిషి చేతికి రసాయనాల పని వచ్చిందన్నమాట.

ఆ రోజు అసలేం జరిగింది?

1985 ఫిబ్రవరి. పరీక్షిస్తున్నది విటమిన్ బి12. దాని అణుభారం సుమారు 1,350. ప్రొటీన్లతో పోలిస్తే చిన్నదే కానీ, వేడికి ఇట్టే విరిగిపోయే రకం. దాన్ని విరగకుండా లేపగలిగితే పద్ధతి పనిచేస్తున్నట్టే. తనాకా రోజూ చేసే పని ఏమిటంటే, కోబాల్ట్ పొడిని అసిటోన్‌లో కలిపి, దాన్ని శాంపిల్‌తో కలిపి, యంత్రంలో పెట్టి లేజర్ వేయడం. పాళ్లు మార్చి మార్చి, మళ్లీ మళ్లీ. తెర మీద విరిగిన ముక్కలే కనిపించేవి, పూర్తి అణువు జాడ ఉండేది కాదు.

ఆ రోజు అసిటోన్ పోయాల్సిన చోట గ్లిజరిన్ పోశారు. గ్లిజరిన్ కూడా ఆ బల్ల మీదే ఉండేది, దాన్నీ విడిగా పరీక్షిస్తున్నారు కాబట్టి. రెండూ రంగులేని ద్రవాలే అయినా నడత వేరు. అసిటోన్ పోస్తుంటేనే ఆవిరవుతూ ఉంటుంది. గ్లిజరిన్ తేనెలా చిక్కగా జారుతుంది. పోసిన వెంటనే తప్పు జరిగిందని ఆయనకు తెలిసిపోయింది.

పారేయడమే మామూలుగా జరిగే పని. కానీ ఆ కోబాల్ట్ పొడి ఖరీదైనది. చిన్నప్పుడు ఇంట్లో నాయనమ్మ దగ్గర నేర్చుకున్న మాట ఒకటి ఆయనకు ఉంది: మొత్తైనాయ్. జపాన్ వాళ్లు రోజూ వాడే మాట అది. పనికొచ్చేదాన్ని వృథా చేయకూడదని, చేస్తే మనసు ఒప్పుకోదని భావం. కంచంలో మెతుకు వదిలితే మన నాయనమ్మలు ఏమంటారో అదే. ఆ మాట మనసులో ఉన్నందువల్ల ఆ మిశ్రమాన్ని పారేయకుండా యంత్రంలో పెట్టారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. గ్లిజరిన్ అంత తొందరగా ఆరదు. వాక్యూమ్‌లో దానంతట అది ఆవిరయ్యేదాకా కూర్చుంటే ఆలస్యం. వేడి తగిలితే త్వరగా పోతుందని ఆయన లేజర్ వేస్తూనే ఉన్నారు. వేస్తున్నంతసేపూ తెర మీద నుంచి కన్ను తిప్పలేదు. అప్పుడు, ఎన్నడూ ఏమీ కనిపించని చోట, విటమిన్ బి12 పూర్తి అణువు పడాల్సిన చోట, చిన్న గుర్తు ఒకటి లేచింది. తెర మీద గజిబిజి ఎప్పుడూ ఉండేదే కాబట్టి ఆయన ముందు నమ్మలేదు. మళ్లీ చేశారు, వచ్చింది. పాళ్లు మార్చి చేశారు, వచ్చింది.

అయితే అదృష్టమేనా?

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. గ్లిజరిన్ సీసా చేతికి రావడం అదృష్టం. మిగతాదేదీ కాదు.

ఒకసారి వరసగా చూడండి. వారాల తరబడి ఒకే శాంపిల్‌ను పరీక్షించడం వల్ల, ఏ చోట ఏమీ రాదో ఆయనకు కంఠతా వచ్చింది. అందుకే అక్కడ ఒక చిన్న గీత లేస్తే వెంటనే కనిపించింది. కొత్తగా వచ్చినవాడికి అదీ గజిబిజిలో కలిసిపోయేది. ఆరే లోపు లేజర్ వేయడం, వేస్తూ చూడడం ఆయన పని అలవాటు. నమ్మకుండా మళ్లీ మళ్లీ చేసి చూడడం ఇంకో అలవాటు. పొరపాటును దాచకుండా చెప్పగలగడం అన్నిటికంటే పెద్దది. నోబెల్ ఉపన్యాసంలో కూడా ఆయన ఆ తప్పును తప్పుగానే చెప్పారు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. చేరిన కొత్తలో ఒక సాయంత్రం ఒక మ్యాట్రిక్స్ (లేజర్ వెలుగును పీల్చడానికి శాంపిల్‌తో కలిపే పదార్థం) బదులు ఇంకొకటి పెట్టి ప్లేటంతా చుక్కలు పెట్టాను. తప్పు తెలియగానే ప్లేటు కడిగేశాను. ఒక్క స్పాట్ మీదైనా లేజర్ వేసి చూడలేదు. అందులో గొప్ప విషయమేదో ఉండేదని కాదు, బహుశా ఏమీ ఉండకపోవచ్చు. కానీ చూడలేదన్న సంగతి తనాకా కథ చదివినప్పుడల్లా గుర్తొస్తుంది. ఇప్పుడు పిల్లలు తప్పు ప్లేటు తెస్తే, కడిగే ముందు ఒకసారి రన్ చేయించి, వచ్చిన స్పెక్ట్రమ్‌ను, అంటే తెర మీది గీతల బొమ్మను, నోట్‌బుక్‌లో అంటించమంటాను.

టైమ్ ఆఫ్ ఫ్లైట్ అంటే ఏమిటి? బరువు ఎలా తెలుస్తుంది?

ఒక ఖాళీ తోపుడుబండిని, ధాన్యం బస్తాలు ఎక్కించిన ఇంకో తోపుడుబండిని ఒకే శక్తితో తోశామనుకోండి. ఖాళీ బండి ముందు చేరుతుంది. యంత్రంలోనూ అంతే. లేజర్ దెబ్బకు లేచిన అయాన్లను వేల వోల్టులతో ఒకేలా తోస్తారు. గాలి లేని గొట్టంలో అవి పరుగెత్తుతాయి. ఆ చివర ఎవరు ఎప్పుడు చేరారో గడియారం లెక్కపెడుతుంది. నాలుగు రెట్లు బరువున్నది రెట్టింపు సమయం తీసుకుంటుంది. 20,000 వోల్టులతో తోస్తే, మీటరు గొట్టాన్ని విటమిన్ బి12 సుమారు 19 మైక్రోసెకన్లలో దాటుతుంది. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే ప్రొటీన్‌కు, 14,306 డాల్టన్లది, సుమారు 61 మైక్రోసెకన్లు పడుతుంది. రెప్పపాటులో ఆ పరుగు వెయ్యిసార్లకు పైగా పూర్తవుతుంది.

విటమిన్ నుంచి ప్రొటీన్ దాకా ఎలా వెళ్లారు?

రెండేళ్లు పట్టింది. పెద్ద అయాన్లు నెమ్మదిగా వస్తాయి. నెమ్మదిగా వచ్చేవాటిని పాత డిటెక్టర్లు సరిగా పసిగట్టలేవు. ఆ పని బృందంలో మిగతావాళ్లు చేశారు, వాళ్లు లేకపోతే తనాకా శాంపిల్ ఎంత బాగున్నా తెర మీద ఏమీ కనిపించేది కాదు. 1987 నాటికి లైసోజైమ్, 25,717 డాల్టన్ల కైమోట్రిప్సినోజెన్, 34,472 డాల్టన్ల కార్బాక్సీపెప్టిడేజ్-ఎ వరకు చూడగలిగారు. లైసోజైమ్ అణువులు కొన్ని ఒకదానికొకటి అంటుకుని ఎగిరిన గుంపులను కలుపుకుంటే ఆ లెక్క లక్ష దాకా వెళ్లింది.

ప్రపంచానికి ఎప్పుడు తెలిసింది?

1985 ఆగస్టులో పేటెంటుకు దరఖాస్తు చేశారు, అదీ జపాన్‌లో మాత్రమే. 1987 మే నెలలో క్యోటోలో జరిగిన జపాన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ సభలో మాట్లాడారు. అదే ఏడాది సెప్టెంబరులో తకరజుకాలో జపాన్, చైనా శాస్త్రవేత్తల ఉమ్మడి సదస్సు జరిగింది. అక్కడ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాబర్ట్ కాటర్ ఆ స్పెక్ట్రమ్‌లు చూసి ఆశ్చర్యపోయారు. పడమటి ల్యాబులకు ఆ కబురు చేరవేసింది ఆయనే. ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన తకెకియో మత్సువో మాత్రం దీన్ని ఇంగ్లిష్‌లో రాసి తీరాలని తనాకాను పట్టుబట్టారు. రాయడంలో తనాకాకు అంత చొరవ లేదు. 1988లో మూడు పేజీల చిన్న వ్యాసం అచ్చయింది. ఆ వ్యాసమే లేకపోతే నోబెల్ కమిటీ చేతిలో సాక్ష్యం ఉండేది కాదు. మత్సువో గారి పట్టుదలను ఈ కథలో ఎవరూ తలచరు. నాకు మాత్రం అది చాలా విలువైన సాయంగా కనిపిస్తుంది.

కంపెనీకి లాభం వచ్చిందా?

రాలేదు. ఎల్ఏఎంఎస్-50కె పేరుతో 1988లో అమ్మకానికి పెట్టిన యంత్రం ఒక్కటే అమ్ముడుపోయింది. కొన్నది కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ పరిశోధన సంస్థ.

ఆ పేటెంటుకు ఆయనకు కంపెనీ ఎంత ఇచ్చింది?

11,000 యెన్‌లని జపాన్ పత్రికలు రాశాయి. నోబెల్ తర్వాత కంపెనీ ఆయన్ను ఫెలోను చేసి గౌరవించింది.

మాల్డీని కనిపెట్టింది తనాకాయేనా? జర్మనీ వాళ్లకు అన్యాయం జరిగిందంటారు?

జాగ్రత్తగా చెప్పాల్సిన జవాబు ఇది. ఇవాళ ప్రపంచంలోని ల్యాబుల్లో వాడే మాల్డీ తనాకా పద్ధతి కాదు. ఫ్రాన్జ్ హిల్లెన్‌క్యాంప్, మైఖేల్ కరాస్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల పద్ధతి అది. అతినీలలోహిత వెలుగును పీల్చే చిన్న సేంద్రియ అణువును శాంపిల్‌తో కలిపి స్ఫటికంగా ఆరబెట్టి, దాని మీద లేజర్ వేయడం వాళ్ల ఆలోచన. 1985లోనే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంతో మొదటి వ్యాసం రాశారు. "మ్యాట్రిక్స్" అన్న మాట అక్కడి నుంచే స్థిరపడింది. నికోటినిక్ ఆమ్లం వాడి, పది వేల డాల్టన్లు దాటిన ప్రొటీన్లను 1988లో చూపారు. ఆ తర్వాత రోనాల్డ్ బీవిస్, బ్రయన్ చేట్ 1989లో సినాపినిక్ ఆమ్లాన్ని తెచ్చారు. నేను ఇప్పటికీ రోజూ వాడేది అదే.

తనాకా బృందం ప్రొటీన్ ఫలితాలు 1987లో సభల్లో చూపింది, 1988లో అచ్చువేసింది. జర్మన్ల ప్రొటీన్ ఫలితాలు అచ్చయింది ఆ తర్వాతే, తమ వ్యాసంలో తనాకా పనిని వాళ్లే ఉదహరించారు. లేజర్‌తో పెద్ద ప్రొటీన్‌ను మొదట లేపి చూపిందెవరు అన్నది నోబెల్ కమిటీ వేసుకున్న ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు తనాకా. అందరికీ పనికొచ్చే పద్ధతిగా మార్చిందెవరు అని అడిగి ఉంటే జవాబు హిల్లెన్‌క్యాంప్, కరాస్.

ఒక బహుమతిని ముగ్గురికి మించి ఇవ్వరు. ఆ ఏడాది సగం కుర్ట్ వూత్రిక్‌కు వెళ్లింది. నీటిలో ఉన్న ప్రొటీన్ల ఆకారాన్ని ఎన్ఎంఆర్ అనే అయస్కాంత పద్ధతితో తేల్చిన శాస్త్రవేత్త ఆయన. మిగతా సగం జాన్ ఫెన్, తనాకా పంచుకున్నారు. జర్మన్లకు చోటు లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. కానీ దాన్ని తనాకా మీద నిందగా వేయడం సరికాదు. తన పేరు ప్రకటించాక కూడా ఆ ఇద్దరి కృషి గురించి ఆయన గౌరవంగానే మాట్లాడుతూ వచ్చారు.

జాన్ ఫెన్ చేసిందేమిటి?

వేరే దారి. ప్రొటీన్ ఉన్న ద్రవాన్ని సన్నని సూదిలోంచి, ఎక్కువ వోల్టేజి పెట్టి తుంపరగా చిమ్మడం. తుంపర ఆరేకొద్దీ చివరికి ఆవేశం పట్టిన ప్రొటీన్ మిగులుతుంది. ఎలక్ట్రోస్ప్రే అంటారు. నోబెల్ వచ్చేనాటికి ఫెన్‌కు 85 ఏళ్లు, తనాకాకు దాదాపు రెండింతల వయసు. ద్రవం నుంచి నేరుగా తీసుకునే సౌకర్యం ఉంది కాబట్టి ఇవాళ ప్రొటీన్ పరిశోధనలో ఎలక్ట్రోస్ప్రే వాడకమే ఎక్కువ.

పీహెచ్‌డీ లేకుండా నోబెల్ ఎలా వచ్చింది?

నోబెల్‌కు డిగ్రీల నిబంధన లేదు. తనాకా చదివింది బ్యాచిలర్ డిగ్రీ వరకే. దానికి కూడా, జర్మన్ భాషలో తప్పడంతో ఒక ఏడాది ఎక్కువ పట్టింది.

ఆయన బాల్యం గురించి రెండు ముక్కలు. పుట్టిన నెల రోజులలోపే కన్నతల్లి జబ్బుతో పోయారు. పినతండ్రి కుటుంబం పెంచుకుంది. రంపాలు, వడ్రంగి పనిముట్లు పదును పెట్టే పని ఆ ఇంట్లో జరిగేది, చేత్తో చేసే పని మీద గౌరవం అక్కడే అబ్బిందంటారు ఆయన. తాను పెంపుడు బిడ్డనని విశ్వవిద్యాలయంలో చేరబోయే సమయంలో, కుటుంబ ధ్రువపత్రం తీసుకున్నప్పుడు తెలిసింది. వైద్యానికి పనికొచ్చే పరికరాలు చేయాలన్న కోరికతో షిమాద్జులో చేరారు. పంపింది మాత్రం కేంద్ర పరిశోధనశాలకు.

నోబెల్ ప్రకటించిన రోజు ఏమైంది?

2002 అక్టోబరు 9 సాయంత్రం ఆఫీసులో ఫోన్ మోగింది. ఇంగ్లిష్‌లో నోబెల్, కంగ్రాచులేషన్స్ అన్న మాటలు వినపడ్డాయి. ఇదేదో వేరే బహుమతి అయి ఉంటుందని, లేదా ఎవరో ఆటపట్టిస్తున్నారని ఆయన అనుకున్నారు. కాసేపటికే ఆఫీసులోని ఫోన్లన్నీ ఒకేసారి మోగసాగాయి. జపాన్ ప్రభుత్వ వర్గాల్లో గానీ, విద్యావేత్తల్లో గానీ ఆయన పేరు తెలిసినవాళ్లు దాదాపు లేరు. అంతకుముందు రోజే మసతోషి కొషిబాకు భౌతిక శాస్త్ర నోబెల్ ప్రకటించారు. ఆయన్ను దేశమంతా ఎరుగును. తనాకా మాత్రం కంపెనీ నీలిరంగు పని దుస్తుల్లోనే విలేకరుల ముందుకు వచ్చి కూర్చున్నారు. ఉద్యోగంలో చిన్న హోదా. పై హోదాకు వెళితే పరిశోధన బల్లకు దూరమవుతానని ప్రమోషన్ పరీక్షలు రాయకుండా ఉండిపోయిన మనిషి. జపాన్‌లో ఉద్యోగస్తులందరూ ఆయన్ను తమవాడిగా చూసుకోవడానికి ఆ నీలి చొక్కాయే కారణం.

నోబెల్ తర్వాత ఏం చేశారు?

పని ఆపలేదు. 2003లో కంపెనీ ఆయన పేరుతోనే ఒక పరిశోధనశాల పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత అక్కడి నుంచి వచ్చిన పని ఒకటి నన్ను నోబెల్ కథ కంటే ఎక్కువగా కదిలిస్తుంది.

అల్జీమర్స్ జబ్బులో మెదడులో అమిలాయిడ్ బీటా అనే చిన్న ప్రొటీన్ ముక్కలు పేరుకుపోతాయి. మతిమరుపు బయటపడడానికి చాలా ఏళ్ల ముందే అది మొదలవుతుంది. చూడాలంటే ఖరీదైన పెట్ స్కాన్, లేదా వెన్నులోంచి నీరు తీయాలి. రక్తంలో ఆ ముక్కల జాడ ఉంటుంది కానీ, ఉప్పు నీటి సముద్రంలో చిటికెడు చక్కెర వెతికినట్టు. తనాకా బృందం యాంటీబాడీలతో ఆ ముక్కలను రక్తం నుంచి గాలం వేసి పట్టి, మాల్డీలో తూచింది. 40 అమైనో ఆమ్లాల ముక్క 4,330, 42 అమైనో ఆమ్లాలది 4,514 డాల్టన్లు. వాటికి తోడు వాళ్లే కనిపెట్టిన ఇంకో ముక్క. ఈ మూడింటి నిష్పత్తులు కలిపి చూస్తే మెదడులో అమిలాయిడ్ పేరుకుందో లేదో 90 శాతం దాకా సరిగ్గా చెప్పగలిగారు. జపాన్‌లో 121 మంది, ఆస్ట్రేలియాలో 252 మంది రక్తంతో ఇది పరీక్షించారు. 2018లో నేచర్ పత్రికలో అచ్చయింది. జపాన్ జాతీయ వృద్ధాప్య వైద్య పరిశోధన కేంద్రం వైద్యులు ఇందులో ప్రధాన భాగస్వాములు.

కన్నతల్లిని జబ్బుకు పోగొట్టుకుని, వైద్య పరికరాలు చేయాలని కంపెనీలో చేరిన కుర్రవాడు అక్కడికి చేరడానికి ముప్ఫై అయిదేళ్లు పట్టింది.

మామూలు ఆసుపత్రిలో మాల్డీతో పనేమైనా ఉందా?

ఉంది, పెద్ద ఆసుపత్రుల మైక్రోబయాలజీ విభాగాల్లో రోజూ ఉంది. కల్చర్‌లో పెరిగిన బ్యాక్టీరియాను పుల్లతో కొద్దిగా తీసి ప్లేటు మీద రుద్దుతారు, మ్యాట్రిక్స్ వేస్తారు, లేజర్ వేస్తారు. ఆ బ్యాక్టీరియా ప్రొటీన్ల బరువులన్నీ కలిసి ఒక వేలిముద్రలా వస్తాయి. దాన్ని ముందే దాచి ఉన్న వేలిముద్రలతో పోలిస్తే నిమిషాల్లో పేరు తెలుస్తుంది. పాత పద్ధతిలో కల్చర్ వచ్చాక ఇంకో రోజు పట్టే పని. సెప్సిస్‌తో ఐసీయూలో ఉన్న రోగికి ఆ ఒక్క రోజు ఎంత పెద్దదో వైద్యులను అడగండి.

శాంపిల్ ఎలా పెడతారు? చూడడానికి ఎలా ఉంటుంది?

అరచేతిలో పట్టే స్టీలు ప్లేటు. మీద 384 చిన్న గుండ్రని గుర్తులు. సినాపినిక్ ఆమ్లాన్ని అసిటోనైట్రైల్, నీరు సగం సగం కలిపి, చిటికెడు ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం వేసిన ద్రావణంలో కరిగినంత కరిగిస్తాం. ప్రొటీన్‌తో కలిపి ఒక మైక్రోలీటరు చుక్క గుర్తు మీద పెడతాం. పిపెట్ మొన ప్లేటును గీకకూడదు, చుక్క గుర్తు దాటి పారకూడదు. రెండు మూడు నిమిషాల్లో చుక్క అంచుల నుంచి ఆరడం మొదలవుతుంది. దీపం కింద వంచి చూస్తే పటికబెల్లం పొడి చల్లినట్టు మెరుస్తుంది. మెరుపు సమంగా ఉంటే ఆ రోజు పీక్ బాగుంటుంది. మధ్యలో ఖాళీగా, అంచున ఉంగరంలా ముద్దకడితే ఉప్పు ఎక్కువైందని అనుమానించాలి. ఉప్పులోని సోడియం అంటుకుంటే ప్రొటీన్ 22 డాల్టన్లు ఎక్కువ చూపిస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లలు దాన్ని కొత్త ప్రొటీన్ అనుకుని పరుగెత్తుకొస్తారు. శాంపిల్‌లోని ఉప్పు కడిగి మళ్లీ పెట్టమంటాను.

తెలుగు విద్యార్థులు ఈ రంగంలోకి రావాలంటే?

దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమెట్రీ పని జరుగుతుంది, దానికి దగ్గర్లోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ప్రొటీన్ పరిశోధన జరుగుతుంది. మందుల కంపెనీల్లో, ముఖ్యంగా బయోసిమిలర్లు, అంటే ప్రొటీన్ మందులకు సరిసమానమైన మందులు, చేసేచోట, ప్రొటీన్‌ను తూచగలిగిన చేతికి పని ఉంటుంది. కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ వాళ్లు నెట్ రాసి జేఆర్‌ఎఫ్‌తో పీహెచ్‌డీకి రావచ్చు. తనాకాలా ఎలక్ట్రికల్ నుంచి వచ్చేవాళ్లకూ తలుపు తెరిచే ఉంది, ఎందుకంటే డిటెక్టర్, వాక్యూమ్, హై వోల్టేజి తెలిసినవాళ్లు మా దగ్గర ఎప్పుడూ తక్కువే.

ఆ కోబాల్ట్ పొడి, గ్లిజరిన్ ఇప్పుడూ వాడతారా?

ప్రొటీన్లకు వాడరు. సేంద్రియ ఆమ్లాల స్ఫటికాలు ఇంతకంటే సులభం, ఇంతకంటే సున్నితం. కానీ చిన్న అణువుల విషయంలో ఆ స్ఫటికాలకో ఇబ్బంది ఉంది. మ్యాట్రిక్స్ పీక్‌లే 500 డాల్టన్ల లోపు కిక్కిరిసి, చూడాల్సిన దాన్ని కప్పేస్తాయి. అందుకని 1995లో యాన్ సునర్ బృందం గ్రాఫైట్ రేణువులను గ్లిజరిన్‌లో కలిపి లేజర్ వేసి చూసింది, పనిచేసింది. అప్పటి నుంచి సన్నని రేణువులతో లేపే పద్ధతులు రకరకాలుగా వస్తూనే ఉన్నాయి. మా ల్యాబులో కూడా పోయినేడు ఒక అమ్మాయి నానో రేణువులతో ప్రయత్నిస్తూ, నల్లటి చుక్కలు వరసగా పెట్టిన ప్లేటును నా బల్ల మీద ఉంచింది. దాని పక్కన ఒక చిన్న గ్లిజరిన్ సీసా ఉంది.